పదో మార్కు

"తొమ్మిదే వచ్చాయమ్మా. పది రావాలి," అంటూ అధికారి ఫారాన్ని తిప్పి దర్శకురాలి ముందు పెట్టాడు.

ఇక్కడ తీసిన సినిమాకి స్వదేశీ చిత్రమని ఈ ఆఫీసు ముద్ర వేస్తే తప్ప థియేటర్ వాళ్ళు బొమ్మ వెయ్యరు. రేపే విడుదల. కాళ్ళరిగేలా తిరిగితే ఆమెకు దొరికింది ఒకే ఒక్క థియేటర్, అందులోనూ ఒకే ఒక్క ఆట. సాయంత్రం అయిదింటికల్లా ముద్ర చూపించకపోతే ఆ ఆట కూడా ఇంకొకరికి ఇచ్చేస్తానని మేనేజరు ముందే చెప్పాడు. గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది.

"ఆ ఒక్కటీ ఎక్కడ పోయింది సార్?"

అధికారి పెన్ను గళ్ళ మీదుగా కిందికి దిగింది. "కథ మనదే, భాష మనదే, తీసిన చోటూ మనదే. ఇదిగో, ఇక్కడ. ప్రధాన పాత్రధారి పుట్టిన ఊరు. సున్నా."

ఆ పాత్రధారి ఎవరో కాదు, ఆమె మేనత్త. మూతపడిన గాజు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు కొలిమి దగ్గర పనిచేసిన మనిషి. సినిమా కథ కూడా ఆ ఫ్యాక్టరీదే. పేరున్న నటీమణులను అడిగితే చెమట పట్టని వేషాలుంటే చెప్పమన్నారు. చివరికి అత్తే కొంగు నడుముకి దోపి కెమెరా ముందు నిలబడింది. ఇప్పుడు బయట వరండాలో, ఒళ్ళో సంచీ పెట్టుకుని బల్ల మీద కూర్చుంది.

"మా అత్త ఈ దేశం మనిషే సార్. ప్రతిసారీ ఓటు వేస్తుంది."

"కాదన్నానా? పుట్టింది మాత్రం నది అవతల. అది పరాయి దేశం."

"అప్పుడు రెండు ఒడ్లూ మన దేశమే. ఆర్నెల్ల పిల్లప్పుడు పడవలో ఇవతలికి తెచ్చారు. సరిహద్దు గీత గీసేనాటికి అత్తకి నాలుగేళ్ళు."

"గీత ఎప్పుడు గీశారో రాయడానికి ఫారంలో గడి లేదమ్మా."

ఆయన కసిగా ఏమీ అనలేదు. ఫారంలో లేనిది లోకంలోనే లేదని నమ్మే మనిషి, అంతే. పైగా కాస్త జాలిపడి గొంతు తగ్గించాడు.

"ఒక పని చెయ్యండి. ఆవిడ పేరు కిందికి దించి, మొదటి పేరుగా ఇక్కడ పుట్టినవాళ్ళని ఎవరినైనా వెయ్యండి. మార్కు పడిపోతుంది."

"సినిమా అంతా కనిపించేది ఆవిడే కదా సార్."

"నేను చూసేది సినిమాని కాదమ్మా, ఫారాన్ని."

దర్శకురాలు ఫారం పట్టుకుని వరండాలోకి వచ్చింది. సంగతి విని అత్త తేలిగ్గా చెయ్యి ఊపింది.

"పేరుదేముందే? దించెయ్. నా మొహం తీసెయ్యమనలేదు కదా."

"ఫ్యాక్టరీ మూసిన రోజు హాజరు పుస్తకంలో నీ పేరు కొట్టేశారు. ఇంకోసారి నా చేత్తో కొట్టమంటావా అత్తా?"

అత్త సంచీ తాడు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

నాలుగున్నరకు దర్శకురాలు లోపలికి వెళ్ళి, పేరు మార్చనని చెప్పింది. అధికారి నిట్టూర్చి ఒక కాగితం మీద ముద్ర గుద్దాడు. 'ఇది స్వదేశీ చిత్రం కాదు.' ఆ అక్షరాలు చూడగానే ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. రెండేళ్ళ చాకిరీ బూడిదలో పోసినట్టయింది.

తలవంచుకుని వెళ్ళిపోతుంటే పక్క కిటికీలోంచి ఎవరో పిలిచారు. విదేశీ చిత్రాల కిటికీ అది. ముందు ఒక్కరూ లేరు. లోపల కూర్చున్న పెద్దావిడ కళ్ళజోడు పైకి నెట్టుకుంది.

"ఆ కాగితం ఇలా ఇవ్వమ్మా. విదేశీ చిత్రమని ముద్ర వెయ్యాలంటే నాకు ఒక్కటే రుజువు కావాలి. స్వదేశీ కాదని ఉండాలి. అది నీ చేతిలోనే ఉంది."

"ఇది మన సినిమా అండీ."

"నాకు తెలుసు. టైమెంతయిందో చూశావా?"

నాలుగూ నలభై. దర్శకురాలు వరండా వైపు చూసింది. అత్త పేరు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. అది చాలనుకుని, పళ్ళ బిగువున కాగితం అందించింది. ముద్ర పడగానే అత్తను చెయ్యి పట్టుకుని, థియేటర్ దాకా ఉన్న రెండు వీధులూ పరుగులాంటి నడకతో దాటింది.

మేనేజరు ముద్ర చూసి లేచి నిలబడ్డాడు. "విదేశీదా? ఆ మాట ముందే చెప్పొద్దూ," అని నాలుగు ఆటలూ ఇచ్చేశాడు. పోస్టరు మీద 'విదేశీ చిత్రం' అన్న చీటీ తనే దగ్గరుండి అంటించాడు.

మర్నాడు మొదటి ఆటకే హాలు నిండింది. అత్తా మేనకోడలూ ఆఖరి వరసలో కూర్చున్నారు. బొమ్మ అయిపోయి దీపాలు వెలిగినా జనం చాలాసేపు లేవలేదు. కళ్ళు తుడుచుకునేవాళ్ళను చూసి దర్శకురాలి గుండెల మీంచి పెద్ద బరువు దిగింది.

మెట్లు దిగుతుంటే వాళ్ళ ముందు ఒక ముసలాయన, ఆయన భార్య నడుస్తున్నారు. ఆయన చేతుల మీద పాత కాలిన మచ్చలున్నాయి. అవి కొలిమి మచ్చలని అత్త గుర్తుపట్టి మేనకోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మనవాళ్ళు ఒక్కరైనా మన గురించి ఇలా తీశారా?" అంటున్నాడాయన గద్గదంగా. "పరాయి దేశం వాళ్ళయినా అచ్చం మన ఫ్యాక్టరీలాగే సెట్టు వేశారు. ఇక డబ్బింగ్ చూడు, ఆ విదేశీ ఆవిడ పెదవులకి మన మాటలు ఒక్కచోట కూడా తప్పలేదు."