మ్యాచ్ రోజు మౌనం

విన్నిపెగ్ ఐస్ హాకీ ఫైనల్లో చివరి హారన్ మోగగానే జట్టంతా వచ్చి గోల్‌కీపర్ తారాస్ మీద పడింది. అతను పక్‌ని, ఆ ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళని, ఒక్కసారి కూడా వల తాకనివ్వలేదు.

"ఆడపిల్లరా!" అని అరిచాడు కెప్టెన్ క్లెమ్.

"ఎవరికి?"

"నీకేరా మొద్దూ! పొద్దున్నే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది."

"పొద్దున్నా! మరి చెప్పలేదేం?"

"మ్యాచ్ రోజు గోల్‌కీపర్‌తో మాట్లాడితే అచ్చిరాదుగా!"

"మాటలు సరే, మొహాలు కూడా చాటేస్తుంటే నన్ను పీకేస్తున్నారనుకున్నాన్రా!"

"నీ మొహం చూస్తే నవ్వాగి చావదే మరి!"

తారాస్ కాళ్ల ప్యాడ్లయినా విప్పకుండా ఫోను దగ్గరికి పడుతూ లేస్తూ పరుగెత్తాడు.

"నాద్యా! ఒక్కటి కూడా పోనివ్వలేదే!"

"రేడియోలో విన్నాలే," భార్య పగలబడి నవ్వింది. "నేనే ఆపలేకపోయానయ్యా. ఆస్పత్రి వాళ్లు మీకు ఫోను చేసి పెట్టేశారో లేదో, పాప వెనకాలే బాబు కూడా దూసుకొచ్చేశాడు!"