ఆ మాట ఉండనీ

“ఆ మాట తుడిచెయ్యి ఈరన్నా. ‘హిజ్రా’ వద్దు, ‘ట్రాన్స్’ అని రాయి,” అంది హేమావతి.

రేపు అనంతపురంలో వాళ్ల సంఘం ఊరేగింపు. బ్యానర్ రాస్తున్న ఈరన్న గుడ్డపేలిక అందుకునేలోగా నల్లమ్మ వచ్చి తడి అక్షరాలకు చెయ్యి అడ్డం పెట్టింది.

“తుడిస్తే నన్ను తుడిసినట్లే.”

“బస్టాండులో నిన్ను తిట్టేది ఆ మాటతోనే కదక్కా?”

“తిడతారు. మా నాయన ఇంట్లోంచి గెంటేసిన దినం ‘నువ్వు మా హిజ్రా బిడ్డవే’ అని నన్ను చేరదీసిన గురువమ్మ అన్నం పెట్టింది గూడా ఆ మాటతోనే. ట్రాన్స్ అని నువ్వు రాసుకో పాపా. నా పేరు మార్చేకి నువ్వెవరు?”

“అది మర్యాదగా లేదక్కా. నీ మంచికే చెబుతున్నా.”

“నీకుండే ఆటిజం రోగం కాదని డాక్టరుతో కొట్లాడితివే! మేం కొట్టే చప్పట్లు నీ చెవులకు పడవంటే, నీ ముందర కొట్టేదే మానుకొంటి. ఇదేం పేరు, ఇదేం రోగమని అడిగినానా?”

ఆ డాక్టరు కూడా ‘నీ మంచికే’ అన్నాడని హేమావతికి గుర్తొచ్చింది.

“ఉండనీ ఈరన్నా,” అంది. “పక్కన ట్రాన్స్ అని కూడా రాయి. అది నా మాట.”

“రెండూ రాస్తే జనం తికమకపడరా?” అన్నాడు ఈరన్న.

“పడనీ. అడిగితే చెబుతాం.”

హేమావతి నల్లమ్మ వైపు తిరిగింది.

“రేపు ముందర నువ్వే నడువక్కా. చప్పట్లు గట్టిగా కొట్టు. నేను చెవులు మూసుకుంటా.”