పిల్లలు బుక్ చేసిన బండి

మహాదేవి ఎమ్మిగనూరులో పెట్రోలు బంకు దగ్గర ఎక్కింది. ఇంద్రసేనయ్య కిటికీ పక్క సీటు ఖాళీ చేసి జరిగాడు. ఆమె ఎదురు సీట్లో కూర్చుంది.

బెంగళూరు కంపెనీ అద్దెకిచ్చే క్యారవాన్ అది. లోపలే మంచం, చిన్న పొయ్యి, నీళ్ల కొళాయి. రెండు రోజులు తిరిగి రాత్రికి అందులోనే పడుకోవచ్చు. ఆరు నెలల్లో ఏ శని, ఆదివారాలైనా వాడుకునేట్టు దీపక్, నందిని బుక్ చేశారు. ఆ తర్వాత వారానికే, జనవరిలో, ఆదోని దాటగానే వాళ్ల మోటారు సైకిలును పత్తి లారీ కొట్టింది. ఇద్దరూ అక్కడికక్కడే పోయారు.

దీపక్ ఫోనును ఇంద్రసేనయ్య ఇప్పటికీ రోజూ చార్జింగులో పెడతాడు. ఈ నెలతో గడువు ముగుస్తుందని మొన్న దానికి మెసేజీ వచ్చింది. చాలాసేపు దాన్నే చూసి మహాదేవికి ఫోన్ చేశాడు. రానంటుందనుకున్నాడు.

"యాడ ఎక్కాల?" అని మాత్రం అడిగింది.

ఆసుపత్రి వరండా తర్వాత ఇద్దరూ ఎదురుపడటం ఇదే. ఐదు నెలలుగా ఆదోనిలో ఆయన ఒక్కడే. ఎమ్మిగనూరులో ఆమె ఒక్కతే.

ఆయనకు ఆమెతో చెప్పుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ రోజు పొద్దున పిల్లలిద్దరూ ఆయన పత్తి మండీకి వచ్చారు. ఏం అడగడానికి వచ్చారో ఆయనకు తెలుసు. లోపల ఉండి కూడా గుమాస్తా చేత లేనని చెప్పించాడు. కాసేపు చూసి వెనక్కి తిరిగారు. కూర్చోమని ఉంటే, కనీసం తిట్టడానికైనా లోపలికి పిలిచి ఉంటే, ఆ లారీ వాళ్లకంటే ముందే వెళ్లిపోయేది. ఈ సంగతి విన్నాక ఆమె తన ముఖం చూస్తుందో లేదో. చూడకపోయినా చెప్పాలి. దిగేలోపు చెప్పాలి.

డ్రైవరు జయన్నది ఆలూరు పక్క పల్లె. నోరు ఊరుకోదు. అద్దంలో ఇద్దర్నీ చూసి తనకు తోచిందేదో అనుకున్నాడు.

"అలిగి పుట్టినింటికి పోయినట్టుండావు కదమ్మా. సారే వచ్చి పిలుచుకొని పోతాండాడు, ఇంకేం కావాల."

ఇంద్రసేనయ్య తల దించుకున్నాడు. మహాదేవి కిటికీ వైపు తిరిగింది.

"పిల్లలే బుక్ చేసినారంట. అమ్మానాయినల్ని తిప్పే పిల్లలు ఈ కాలంలో యాడుండారు సెప్పండి. ఎంతమందమ్మా మీకు?"

"ఇద్దరు," అంది మహాదేవి.

ఇంద్రసేనయ్య తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆమె బయటికి చూస్తోంది.

"యాడుంటారు?"

"ఇద్దరూ ఒక్కచోటే."

వెనక రెండు సీట్లు ఖాళీ. బండి మలుపు తిరిగినప్పుడల్లా వాటి బెల్టుల కొక్కేలు ఒకదానికొకటి తగిలి టిక్కుమనేవి. ఇంద్రసేనయ్య ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసేవాడు. చివరికి జయన్న బండి ఆపి ఆ రెంటినీ తాడుతో కట్టేశాడు. మహాదేవి లేచి వెళ్లి ముడి విప్పింది.

"ఉండనీ నాయనా."

మంత్రాలయంలో తుంగభద్ర ఒడ్డున ఆగారు. దీపక్ ఫోనులో అట్లాగే రాసి ఉంది. శనివారం నది. ఆదివారం జొన్నగిరి చేలు. ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లూ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పి ఊరుకున్నాడు. రాత్రి ఆమె బండిలో పడుకుంది. ఆయన జయన్న పక్కన ఇసకలో చాప వేసుకున్నాడు. బండి కదలడం లేదు. అయినా లోపల్నుంచి కొక్కేల చప్పుడు వినిపించింది. ఒకసారి. కాసేపాగి, ఇంకోసారి.

తెల్లారి తలుపు తీసి చూస్తే, ఖాళీ సీట్లకు రెండు బెల్టులూ పెట్టి ఉన్నాయి. మనుషులు కూర్చుంటే పెట్టినట్టే. జయన్న ఆ పక్క చూసి, ఆ తర్వాత జోకులెయ్యలేదు.

బయలుదేరే ముందు మహాదేవి బండిలోని పొయ్యి మీద బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు కాల్చింది. జయన్న రెండు తిని, మా అమ్మ చేసినట్టుండాయని మెల్లగా అన్నాడు.

మధ్యాహ్నానికి జొన్నగిరి చేరారు. ముందురోజు వాన పడింది. ఎర్ర చేలల్లో జనం వంగి వజ్రాల కోసం రాళ్లు వెతుకుతున్నారు. ఏదో ఒకటి దొరక్కపోతుందా అని జయన్న కూడా దిగి వాళ్లలో కలిశాడు. బండి నీడలో ఇద్దరే మిగిలారు.

ఇంద్రసేనయ్య నేలకేసి చూస్తూ అన్నాడు.

"ఆ పొద్దు నేను లోపలే ఉండాను."

మిగతాదంతా చెప్పాడు. గుమాస్తాను పంపడం, కిటికీ సందులోంచి వాళ్ల మోటారు సైకిలు వెళ్లిపోవడం చూడటం, చూసి హమ్మయ్య అనుకోవడం. అదీ దాచలేదు.



"తెలుసు," అంది మహాదేవి.

నందిని మండీ బయట నుంచే ఆమెకు ఫోన్ చేసిందట. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయమ్మా, మనిషి మాత్రం లేడంట అని నవ్విందట. సోమవారం మళ్లీ వస్తాం, ఎన్నాళ్లు లేకుండా పోతాడో చూస్తాం అందట.

"ఆ మాట మీ నోటితో ఎప్పుడు సెప్తారా అని ఐదు నెలలు చూసినా," అంది మహాదేవి.

లేచి లోపలికి వెళ్లింది. నాలుగు విస్తళ్లు తెచ్చి నేల మీద పరిచింది. నాలుగింట్లోనూ ఓళిగలు పెట్టి నెయ్యి వేసింది. రెండు విస్తళ్ల ముందు ఎవరూ లేరు. ఇంద్రసేనయ్య చెయ్యి కదల్లేదు. ఆమె ఆయన విస్తరిలో ఇంకో ఓళిగ వేసింది.

"తినండన్నయ్యా, మీ దీపక్‌కూ మా నందినికీ ఇదే పెళ్లి భోజనం."