బామ్మగారు వద్దన్న పాట

రేపు రిసెప్షన్. డీజే ఫంక్షన్ హాల్లో పెట్టెలు దించి ఊపిరి కూడా తీసుకోలేదు, గుమ్మంలో ఓ ముసలావిడ నిలబడింది. ముక్కు చివర కళ్ళజోడు, చేతిలో నోటు పుస్తకం.

"రండి బామ్మగారూ. పెళ్ళివారి పెద్దలెవరో వచ్చి పాటల సంగతి మాట్లాడతారని మేనేజరు చెప్పాడు. కూర్చోండి."

బామ్మగారు కూర్చుంది.

డీజే కుర్చీ అంచు మీద సర్దుకున్నాడు. అతనికిది చావో రేవో తేలే పెళ్ళి. కిందటి మూడు రిసెప్షన్లలోనూ చీవాట్లు తిన్నాడు. ఈసారి పెళ్ళివాళ్ళు మొహం ముడుచుకున్నారంటే, ఇంక నీ పెట్టెలు ఈ గడప దాటి లోపలికి రావని మేనేజరు తేల్చి చెప్పేశాడు.

"మొన్న ఆదివారం నువ్వేసిన పాటలు విన్నాను," అంది బామ్మగారు. "అంతకు ముందు గురువారంవి కూడా."

డీజే జేబులోంచి కాగితం, కలం తీశాడు. ముందే విని, రాసుకుని మరీ వచ్చిందన్నమాట. ఇలాంటి జాగ్రత్తపరుల ముందు నోరు జారకూడదు.

"చెప్పండి."

"మొదట ఆ మైకు. పొద్దున్న ఏడింటికే వన్, టూ, త్రీ అని మొదలుపెడతావు. గంటసేపు అదే. మూడు తర్వాతేముందో నీకు రాదా నాయనా?"

"టెస్టింగండీ అది."

"ఆ టెస్టింగేదో ఇంట్లో చేసుకుని రా."

డీజే రాసుకున్నాడు.

"పెట్టెలు ఆ పడమటి గోడకి ఆనించకు. రోడ్డు వైపు తిప్పు. గోడ పక్కన పెద్దవాళ్ళుంటారు. పెట్టెల కింద పాత పరుపులు వెయ్. ఇంక ఆ గుండెల మీద రోకలితో దంచినట్టుండే చప్పుడు..."

"దాన్ని బేస్ అంటారండీ."

"ఏమన్నా అను, తగ్గించు. తాగుదామని గ్లాసు పట్టుకుంటే నాకంటే ముందు నీళ్ళు గంతులేస్తున్నాయి. ఒంటిగంట నుంచి మూడింటి దాకా అయితే అసలేమీ వెయ్యకు."

"భోజనాల వేళండీ. హుషారుగా ఉండొద్దూ?"

"తినేవాళ్ళకి హుషారు పళ్ళెంలో ఉంటుంది. చెవుల్లో పొయ్యక్కర్లేదు. నమలనీ. కావలిస్తే కాసేపు కునుకు తియ్యనీ."

రిసెప్షన్లో కునుకేమిటో డీజేకి అర్థం కాలేదు. అయినా రాసుకున్నాడు.

బామ్మగారు పేజీ తిప్పింది.

"పిల్ల కారెక్కేటప్పుడు వేస్తావే, ఆ వయొలిన్ ఏడుపు పాట. అది వద్దు."

"అమ్మో, అది లేకపోతే ఎవరూ ఏడవరండీ. వీడియో వాళ్ళు దానికోసమే కాచుక్కూచుంటారు."

"ఏడవకపోతే కొంపలేం మునగవు. నువ్వా పాట వేసి, పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోతావు. నాకు నాలుగు రోజులు చెవుల్లో అదే తిరుగుతుంది. పిల్ల వెళ్ళిపోయిందే అని అన్నం సయించదు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడుచుకోవాల్సింది కళ్ళజోడు కాదని డీజేకి తెలిసిపోయింది.

"మరేం వెయ్యమంటారు?"

"నవ్వొచ్చేది ఏదైనా వెయ్. గాడిద పాటైనా ఫరవాలేదు."

మర్నాడు రిసెప్షన్లో చెంచా కిందపడితే హాలంతా వినపడింది.

ఒంటిగంటా పావుకి పెళ్ళికూతురి బాబాయి చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా, ఇది రిసెప్షనా, లైబ్రరీయా? సౌండు పెంచు."

"పెద్దావిడ వద్దన్నారండీ."

"ఏ పెద్దావిడ?"

"బామ్మగారు. పుస్తకంలో రాసుకొచ్చి మరీ చెప్పారు."

బాబాయి మొహం పాలిపోయింది. మడిచిన చేతులు కిందికి లాక్కున్నాడు.

"మా అమ్మ చెప్పిందా? అయితే నేను నీ దగ్గరికి రాలేదు. నువ్వు నన్ను చూళ్ళేదు."

వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆ నిశ్శబ్దంలో వింతలు జరిగాయి. నాలుగేళ్ళుగా మాటల్లేని తోడల్లుళ్ళిద్దరు ఒకే బల్ల దగ్గర పడ్డారు. ఒకరి దగ్గు ఒకరికి స్పష్టంగా వినపడేసరికి, వేరే దారి లేక పలకరించుకున్నారు. పెళ్ళికొడుకు తాతగారు చెవి మిషను తీసి జేబులో పడేసుకోకుండా పెళ్ళి భోజనం ముగించడం ఇదే మొదటిసారిట.

నాలుగింటికి గుమ్మం ముందు కారు ఆగింది. పెళ్ళికూతురి తల్లి ముక్కు ఎర్రబడింది. తండ్రి చెట్టు మీద కాకుల్ని శ్రద్ధగా చూస్తున్నాడు. వీడియో అతను కెమెరా ఎత్తాడు. అలవాటు కొద్దీ డీజే వేలు వయొలిన్ పాట మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. ఇన్ని పెళ్ళిళ్ళలో ఎప్పుడూ మార్చని పాట. ఇది చెడితే రేపటి నుంచి పెట్టెలు ఇంట్లోనే.

కళ్ళు మూసుకుని పక్క మీట నొక్కాడు.

పాట గాడిద ఓండ్రతోనే మొదలైంది. తప్పిపోయిన గాడిద ఒకటి పెళ్ళిపందిట్లో దూరి, పెళ్ళికొడుకు పక్కన దర్జాగా కూర్చుండిపోయిన పాట.

ముందు పెళ్ళికూతురు కిసుక్కుమంది. ఏడవబోయిన తల్లికి పొలమారింది. తండ్రి కాకుల్ని వదిలేసి గాడిదకి వంత పాడాడు. పిల్ల కారు అద్దం దించి, "నాన్నా, ఆ ఓండ్ర మళ్ళీ ఒకసారి," అంది. ఆయన మళ్ళీ ఓండ్ర పెట్టాడు.

కారు కదిలింది. మేనేజరు వచ్చి డీజే భుజం తట్టాడు.

"పెళ్ళివాళ్ళు పొగడలేక ఛస్తున్నారు. ఈ సీజన్లో పెళ్ళిళ్ళన్నీ నీకే. ఇంత తెలివి నీకెక్కడిదయ్యా?"

"నాది కాదు, వాళ్ళ బామ్మగారిది," అంటూ డీజే చెయ్యూపుతున్న జనంలో ఆవిడ కోసం వెతికాడు.

సరిగ్గా అప్పుడే, ఆ పెళ్ళివారికి ఏమీ కాని బామ్మగారు, హాలు పక్కనే ఉన్న తన ఇంటి కిటికీలో నిలబడి, ఈ ఏడాది వెళ్ళిపోతున్న ఇరవై మూడో పెళ్ళికూతురికి మొదటిసారి ఏడవకుండా చెయ్యి ఊపింది.