వెనక్కి చూడని పందెం

"అంతోనీ! ఆగరా! ఒరే అంతోనీ!"

వెనకనుంచి బాలశౌరి గొంతు. అంతోని మెడ తిప్పలేదు. పక్కన సైకిల్ తొక్కుతున్న నవాబ్ కన్ను కొట్టాడు.

"మొదలెట్టాడు, చూసుకో!"

ఆదివారం చర్చిలో పూజ కాగానే బెజవాడలో బయలుదేరారు ముగ్గురూ. యనమలకుదురు దాటాక పందెం వేసుకున్నారు. కృష్ణ కరకట్ట మీద రొయ్యూరు తూము చేరేదాకా ఎవడూ వెనక్కి చూడకూడదు. చూసినవాడు సైకిల్ నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి నడవాలి.

రొయ్యూరు అంతోని అత్తగారి ఊరు. పెళ్ళై ఐదు నెలలు. పుట్టింటికొచ్చిన భార్య అమలమ్మ అక్కడే ఉంది. అత్త తెరేసమ్మ ముగ్గురికీ కొరమీను పులుసు పెడతానంది. కొత్తల్లుడు సైకిల్ నెత్తినెత్తుకుని అత్తగారి వీధిలో నడవాలా? దానికన్నా ఏట్లో దూకడం నయమనుకున్నాడు అంతోని.

ఊరి ఆడవాళ్ళు మంచినీళ్ళు ముంచుకునే రేవు ఇప్పుడే దాటారు. తూము ఇంకా రెండు ఫర్లాంగులు.

"అంతోనీ! మీ ఆవిడరా! అమలమ్మరా!"

నవాబ్ పడీపడీ నవ్వాడు. "పోయినసారి నన్నూ ఇట్టాగే చేశాడుగా! 'నవాబూ, మీ బీబీజాన్ వస్తోందిరా' అన్నాడు. నిజమేననుకుని తిరిగి చూశా. కొండపల్లి స్టేషన్ దాకా నాచేత సైకిల్ మోయించారు మీరిద్దరూ."

అంతోని ముందుకు చూస్తూనే అరిచాడు. "వెనక కేరేజీ మీద ఎక్కించుకురారా శౌరీ! నడిచొస్తే కాళ్ళు నొప్పులు పుడతాయి మా ఆవిడకి!"

"దేవుడి తోడురా! ఆగండ్రా!"

"దేవుణ్ణి కూడా లాగాడు," అన్నాడు నవాబ్. "ఫాదర్‌గారి దగ్గర చెప్పుకోవాలి వీడు."

అంతోని ఇంకా గట్టిగా తొక్కాడు. కట్ట వంపు తిరిగింది. ఆ తరవాత అరుపు వినిపించలేదు.

తూము దగ్గర దిగారు. ఇక వెనక్కి చూడొచ్చు. చూశారు. వంపు దాకా కట్ట ఖాళీగా ఉంది.

"అలిగాడు," అన్నాడు నవాబ్.

చెరో బీడీ ముట్టించారు. బీడీలు అయిపోయాయి. బాలశౌరి రాలేదు.

"వాడికి ఈత రాదురా," అన్నాడు అంతోని ఉన్నట్టుండి.

నవాబ్ మొహంలో నవ్వు పోయింది. ఇద్దరూ సైకిళ్ళు వెనక్కి తిప్పారు.

రేవు పైన బాలశౌరి సైకిల్ కట్టకు అడ్డంగా పడి ఉంది. కింద రెల్లు తొక్కుకుపోయిన దారి. దారి చివర చెప్పులు. బ్యారేజీ గేట్లెత్తి వారమైంది. ఏరు ఎర్రగా ఒడ్డు ఒరుసుకుని పోతోంది. తుమ్మకొమ్మ నీళ్ళలోకి వంగినచోట ఒక చెయ్యి దాన్ని పట్టుకుని ఉంది. తల మునుగుతోంది, తేలుతోంది.

ఇద్దరూ దూకారు. బాలశౌరి వాళ్ళకు చిక్కలేదు. కొమ్మ వదిలేసి ఏటి నడిమికే పోబోయాడు. జుట్టు పట్టుకుంటే నవాబ్ చెయ్యి కొరికాడు. మునిగేవాడికి పిచ్చిబలం వస్తుందని, కాపాడబోయినవాణ్ణి కూడా లాక్కుపోతాడని ఏటి ఒడ్డున పుట్టిన నవాబ్‌కు తెలుసు. చెంప మీద ఒక్కటి పీకాడు. మెత్తబడ్డవాణ్ణి ఇద్దరూ గట్టుకు ఈడ్చారు.

"నీళ్ళు మింగాడు! కక్కించాలి! ఆ బిందె తే!"

రెల్లులో ఎవరిదో ఇత్తడి బిందె దొర్లి ఉంది. అంతోని లాక్కొచ్చి బోర్లించాడు. దాని మీద బాలశౌరి పొట్ట ఆనించి వీపు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మరియతల్లీ, వీడు పోతే ఆ పాపం నాదే, అనుకున్నాడు.

భళ్ళున నీళ్ళు కక్కాడు బాలశౌరి. కక్కుతూనే లేవబోయాడు. ఏటివైపు చెయ్యి చాపాడు. మాట రాలేదు. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది.

"కదలకురా! బతికావు! పడుకో!" అంతోని వాణ్ణి రెండు చేతులా అదిమిపట్టాడు.

"వదలొద్దు," అన్నాడు నవాబ్. "ఇంకా ఉన్నాయి లోపల. నొక్కు."

చాలాసేపు నొక్కారు. చివరికి వాడి ఊపిరి దారికొచ్చింది. అంతోని వాణ్ణి పక్కకు దించి కళ్ళు తుడుచుకున్నాడు. ఏడుపు, నవ్వు, కోపం కలిసి వచ్చాయి.

"ఈత రానోడివి! ఏట్లోకి ఎందుకు దిగావురా వెధవా?"

బాలశౌరి మోచేతి మీద లేచాడు. వేలితో బిందెను చూపించాడు.

అంతోని దాన్ని తిప్పాడు. అంచు కింద సిలువ గుర్తు. 1976. దాని కింద చుక్కలతో కొట్టించిన అక్షరాలు:

'కూతురు అమలమ్మకు, తల్లి తెరేసమ్మ.'