మళ్లీ పసుపే

“మళ్లీ పసుపే!” సతీష్ సార్ టెస్ట్‌ట్యూబుల స్టాండును టేబుల్ మీద టక్కున పెట్టాడు. “ఐదోసారి సోనీ. ఐదోసారి!”

సోనికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. పొద్దున తొమ్మిదింటి నుంచి ల్యాబులో నిలబడే ఉంది. ట్యూబులన్నీ ఆసిడ్‌తో కడిగింది. కొత్త కెమికల్ కలిపింది. అయినా అదే రంగు. నీళ్లలో ఫ్లోరైడ్ లేకపోతే ఆ కెమికల్ గులాబీ రంగులోనే ఉండాలి. ఉంటే పసుపుకి తిరుగుతుంది.

“మా తండా బోరుల ఫ్లోరైడ్ ఉంది కాబట్టే పసుపయింది సార్. నేనేం జేయాలె?”

“తండా సంగతి తర్వాత. ముందు ఇది చూడు.” చివరి ట్యూబు ఎత్తి ఆమె ముఖం ముందు పెట్టాడు. “ఇది బ్లాంక్. ఉత్త డిస్టిల్డ్ వాటర్. ఇది గూడ పసుపెట్లయితది? డిస్టిల్డ్ వాటర్ల ఫ్లోరైడ్ ఉంటదా?”

సోని ట్యూబు అందుకుని కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. పసుపే.

“రేపే వైవా. బయటి ఎగ్జామినర్ వస్తే నన్నడుగుతడు, నిన్ను కాదు. సాయంత్రంలోపు బ్లాంక్ సరిగ్గ రావాలె. లేకపోతే రికార్డు మీద సంతకం పెట్ట.” విసవిసా వెళ్లిపోయాడు.

ప్రాజెక్టు పోతే పోయింది, తండాలో ఏ ముఖం పెట్టుకుని తిరుగుతుంది? నెల కిందట మొదటిసారి పసుపు రంగు చూడగానే హాస్టల్ నుంచి ఫోన్ చేసి, ఆ నీళ్లు ఎవరూ తాగొద్దని చెప్పింది తనే. ఆమె మాట మీదే బోరు చేతిపంపుకి గోనెసంచి చుట్టి తాడు కట్టేశారు.

కసికొద్దీ డిస్టిల్డ్ వాటర్ క్యాను పట్టుకుని, మూలన స్టూలు మీద పేపరు చదువుతున్న అటెండర్ కిషన్‌లాల్ దగ్గరికి వెళ్లింది.

“కాకా, ఇది ఎప్పుడు పట్టినవ్?”

“పొద్దుగాల్నే నింపిన బిడ్డా.”

“మిషన్లనేనా?”

“మిషనా?” కిషన్‌లాల్ నవ్వాడు. “అది కాలిపోయి రెండేండ్లాయె. బాగు చేయించుండ్రని రాసి రాసి పాత సారు రిటైరై పోయిండు. నేను ఎనకాల బోరు నీళ్లు పడుతున్న. తేటగనే ఉన్నయి గద, ఏమైతది?”

సోనికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఒక వంతు శాంపిల్‌కి తొమ్మిది వంతులు డిస్టిల్డ్ వాటర్ కలపాలని సారే నేర్పాడు. అంటే ఇన్నాళ్లూ తను పరీక్ష చేసింది తండా నీళ్లని కాదు, కాలేజీ బోరు నీళ్లని!

గేటు బయట మెకానిక్ షాపుకి ఉరికింది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొనుక్కొచ్చి మళ్లీ మొదలుపెట్టింది. బ్లాంక్ గులాబీ. తండా నీళ్లు గులాబీ. అనుమానం తీరక తండా నీళ్లను ఏమీ కలపకుండా చూసింది. అదీ గులాబీయే. కాలేజీ బోరు నీళ్లు మాత్రం చిక్కటి పసుపు.

“కాకా! మన కాలేజీల ఈ బోరు నీళ్లు ఎవరన్నా తాగుతరా?”

“లేదు బిడ్డా. మొక్కలకు పోస్తం, బాత్రూములకు పోతయి. తాగేటందుకు క్యాన్లు కొంటరు గద, మీ హాస్టల్‌కు గూడ.”

అప్పుడు గానీ సోని గుండె కుదుటపడలేదు.

సార్ వచ్చి ట్యూబులు చూశాడు, అంతా విన్నాడు, సంతకం పెట్టాడు. “గింత దానికి నెల రోజులు సతాయిస్తివి గద,” అని మళ్లీ ఆమెనే అన్నాడు. సోని దండం పెట్టి ఊరుకుంది.

వరండాలోకి వచ్చి తల్లి పూలికి ఫోన్ చేసింది. “యాడీ, నాదే తప్పయింది. మన బోరు నీళ్లు మంచియే. జల్ది ఆ గోనె ఇప్పేయుండ్రి.”

“ఇప్పుతం తియ్, అంత తొందరేముంది?” అంది పూలి తాపీగా. “నువ్వొద్దన్న కాడినుంచి రామ్‌సింగ్ మామ రోజూ ట్రాక్టర్ల డ్రమ్ములు నింపుకొస్తుండు. సదువుకునే పిల్లలు తాగేటియి గద, మంచిగుంటయని, మీ కాలేజీ ఎనకాల బోరు నీళ్లే తాగుతున్నం.”