ఖాళీ అక్షరాలు

నిన్నటితో ఢ రికార్డులు అయిపోయాయి కాబట్టి ఇవాళ త తీసి ప్లేయరు మీద పెట్టాను.

"ణ ఏదండీ?" అంది మా ఆవిడ.

రికార్డులన్నీ అక్షరక్రమంలో పేర్చింది నేనే. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో అక్షరాలు కూర్చినవాణ్ణి, ఏ అక్షరాన్నీ చిన్నబుచ్చలేక అన్నిటికీ తలా ఒక అట్టముక్క, దాని వెనక ఒక కవరు పెట్టాను. రోజుకొక రికార్డు చొప్పున ఇద్దరం వింటున్నాం.

"ణతో పాటలెక్కడున్నాయే? త విను."

"పాటల్లేని అట్ట వెనక కవరెందుకు అంత ఉబ్బింది మరి?"

ఆవిడ కవరు లాగి దులిపింది. రెండు చాక్లెట్లు ఒళ్ళో పడ్డాయి. అందులో ఒకటి సగం కొరికి ఉంది.

"ఇద్దరికీ షుగరని డాక్టరు చెప్పి నెల కాలేదు! నేను నోరు కట్టుకుని చావట్లేదూ? ఇవి చెత్తబుట్టలోకే!" అని వాటిని తీసుకుని విసవిసా లోపలికి పోయింది.

ఆ తర్వాత నేను బుద్ధిగా తలొంచుకుని థ, ద, ధ అంటూ సాగాను. రెండు నెలలకి క్ష కూడా అయిపోయింది. అరలో చివరి అట్ట ఒక్కటే మిగిలింది. ఱ.

దాని మీద చెయ్యి వేశానో లేదో, ఆవిడ ఉలిక్కిపడింది.

"దాంతో పాటలెక్కడున్నాయండీ? మళ్ళీ అ నుంచి మొదలెట్టండి."

నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది.

కవరు లాగాను. నా చాక్లెట్లే, రెండూ. నేను సగం కొరికింది ఇప్పుడు పావు వంతుకి వచ్చింది.

"బండి ఱ కదా," అన్నాను, ఆ పావుముక్కని రెండు చేస్తూ. "సరుకు లేకుండా వస్తుందా?"